వంతెన అవతల మా అక్క ఉంటుంది

నార్డిక్ మంత్రిమండలికి, నార్డిక్ కౌన్సిల్ సభ్యులకు

నమస్కారం.

నేను ఖమ్మం అమ్మాయిని. పన్నెండేళ్లుగా స్వీడన్‌లోని మాల్మోలో ఉంటున్నాను. మా అక్కావాళ్లు సముద్రానికి అవతల, డెన్మార్క్‌లో, కోపెన్‌హాగెన్ శివార్లలో ఉంటారు. మా ఇంటి దగ్గర హ్యూలీ స్టేషన్‌లో రైలెక్కితే, సముద్రం మీది వంతెన దాటి గంటలో అక్క ఇంట్లో ఉంటాను. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. మధ్యలో రెండు దేశాలున్నాయంటే మా నాన్న ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

ఈ లేఖ మీకు స్వీడిష్‌లో విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా ఎందుకు రాస్తున్నానంటే, స్టాక్‌హోమ్‌లో, ఓస్లోలో, హెల్సింకిలో, మాల్మోలో మావాళ్లు చాలామంది ఉన్నారు. ఉద్యోగాలు చేస్తున్నారు, పన్నులు కడుతున్నారు, పిల్లల్ని మీ బళ్లలో చదివిస్తున్నారు. కానీ మీరు ఐదు నార్డిక్ దేశాలవాళ్లూ (స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్) కూర్చుని సరిహద్దుల గురించి మాట్లాడుకునేటప్పుడు తమ సంగతి కూడా అందులో ఉందని వాళ్లలో చాలామంది అనుకోరు. ఉందని వాళ్లకీ తెలియాలి, మీకూ తెలియాలి.

2024 నవంబరులో మా పోస్టు డబ్బాలో ఒక చిన్న పుస్తకం పడింది. 'సంక్షోభం గానీ యుద్ధం గానీ వస్తే' అని దాని పేరు. స్వీడన్‌లో 50 లక్షలకు పైగా ఇళ్లకు పంపారు. ఒక వారం పాటు ఎవరి సాయం లేకుండా ఇంట్లో గడిపేందుకు సిద్ధంగా ఉండమన్నారు. నీళ్లు, తిండి, దుప్పట్లు, బ్యాటరీతో నడిచే రేడియో. బియ్యం, కందిపప్పు, పచ్చళ్లు మా ఇంట్లో ఎప్పుడూ నెలకు సరిపడా ఉంటాయి కాబట్టి ఆ పేజీ నన్ను కంగారు పెట్టలేదు. ఇంకో పేజీ దగ్గర ఆగిపోయాను. 16 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి 70 ఏళ్ల వరకు దేశంలో నివసించే ప్రతి ఒక్కరికీ దేశ రక్షణలో బాధ్యత ఉందట. ఇక్కడ ఉంటున్న విదేశీ పౌరులకు కూడా.

నా దగ్గర ఉన్నది భారత పాస్‌పోర్టే. ఆ పేజీ చదివినప్పుడు నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, గౌరవంగా అనిపించింది. ఈ ఊరికి ఆపద వస్తే నన్ను కూడా లెక్కలో వేసుకున్నారు. నర్సులకు సాయం చెయ్యమంటే చేస్తాను, వంట చెయ్యమంటే చేస్తాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అలాంటి రోజే వస్తే, వంతెన తెరిచి ఉంటుందా? అవతల మా అక్క ఉంది.

ఈ ప్రశ్న ఊహలోంచి పుట్టలేదు. ఒకసారి వంతెన మూసుకుపోవడం చూశాను.

2020 మార్చి 14. కరోనా భయంతో మధ్యాహ్నం 12 గంటలకు డెన్మార్క్ సరిహద్దులు మూసేసింది. ముందు రోజు రాత్రి ప్రకటించారు. అక్కకు అప్పుడు ఎనిమిదో నెల. పురుటికి అమ్మ రావాలి. వీసా వచ్చేసింది, టికెట్ కొనేశాం, పెట్టె కూడా సర్దుకుంది. మార్చి 22 నుంచి భారతదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. అమ్మ ఖమ్మంలో ఉండిపోయింది. అక్కకు ఇక దగ్గరలో ఉన్న పుట్టింటి మనిషిని నేనొక్కదాన్నే. గంట దూరంలో ఉన్నాను.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. డెన్మార్క్‌లోకి రావాలంటే తగిన కారణం ఉండాలన్నారు. అక్కడ ఉద్యోగం ఉంటే తగిన కారణమే. సరుకుల లారీ నడిపితే తగిన కారణమే. దగ్గరి బంధువు చావుబతుకుల్లో ఉంటే తగిన కారణమే. అక్క పురుడు ఆ జాబితాలో లేదు. మాట్లాడినావిడ మర్యాదగానే మాట్లాడింది. ఆవిడ తప్పేం లేదు. నిబంధన అంతే.

మా కింది ఫ్లోర్‌లో ఉండే ఆయన కోపెన్‌హాగెన్‌లో ఆసుపత్రిలో పనిచేస్తారు. ఆయన రోజూ వెళ్లి వస్తూనే ఉన్నారు. బాలింత పథ్యానికి కావలసినవన్నీ నేను ఇక్కడ సిద్ధం చేశాను. వెల్లుల్లి కారం దంచాను, శొంఠి పొడి కొట్టాను, కరివేపాకు పొడి చేశాను. నువ్వుల నూనె సీసా మూత చుట్టూ రెండు సార్లు టేపు వేశాను. అవన్నీ ఒక డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చాను. సాయంత్రం బావగారు వంతెన అవతల, కోపెన్‌హాగెన్ విమానాశ్రయం దగ్గరి కాస్త్రుప్ స్టేషన్ బయట నిలబడి తీసుకున్నారు. వెల్లుల్లి కారం వంతెన దాటింది. నేను దాటలేకపోయాను. 21వ రోజున పాపను ఉయ్యాలలో వేసే వేడుక ఫోన్‌లో చూశాను. ఖమ్మంలో అమ్మ, మాల్మోలో నేను, ఇద్దరం ఫోన్లలోనే పాట పాడాం. అమ్మ పాట కొంచెం ఆలస్యంగా వినిపించేది, నా పాట ముందొచ్చేది. నేను పాపను ఎత్తుకునేసరికి మూడో నెల దాటింది.

మాకు జరిగింది చిన్న కష్టం. ఆ రోజుల్లో ఇంతకంటే పెద్ద కష్టాలు పడ్డవాళ్లు ఎందరో. కానీ ఆ కష్టం ఎలా వచ్చిందో మీరు ఒకసారి నిదానంగా చూడాలని నా కోరిక. ఎందుకంటే ఆ తలుపు వేసింది శత్రువు కాదు. పక్కింటివాళ్లే. ఒక్క డెన్మార్క్‌ను తప్పుపట్టడం లేదు. నార్వే మూసింది, ఫిన్లాండ్ మూసింది. వేసవిలో డెన్మార్క్, నార్వే ఒకరికొకరు తలుపులు తెరుచుకుని స్వీడన్‌ను పక్కన పెట్టాయి. అదే ఏడాది డిసెంబరులో, క్రిస్మస్ ముందు, స్వీడన్ కూడా డెన్మార్క్ నుంచి వచ్చేవాళ్లకు తలుపు వేసింది. అందరూ వేశారు. ఎవరికి వారు, ఎవరి రాజధానిలో వారు కూర్చుని వేశారు.

ఉత్తరాన హపరాండా, టోర్నియో అని రెండు ఊళ్లున్నాయి. ఒకటి స్వీడన్‌ది, ఒకటి ఫిన్లాండ్‌ది. పేరుకే రెండు, చూడ్డానికి ఒకే ఊరు. ఒక వీధిలో పన్నెండయితే పక్క వీధిలో ఒంటిగంట. స్వీడన్ వైపు ఫర్నిచర్ కొట్టుకు ఫిన్లాండ్‌వాళ్లు వస్తారు, అటువైపు పనికి ఇటువైపువాళ్లు వెళ్తారు. రెండు ఊళ్ల మధ్య చౌక్‌లో 2020లో కంచె వేశారు. ఆ కంచెకు ఇటొకరు, అటొకరు నిలబడి మాట్లాడుకుంటున్న ఫొటోలు పేపర్లలో చూశాను. ఫోన్‌లో పాపను చూస్తున్న నాకు వాళ్లెవరో తెలియకపోయినా వాళ్ల బాధ తెలిసింది.

మా ఊరివైపు కూడా ఇలాంటిది చూశాం. లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో హైదరాబాద్ హాస్టళ్ల నుంచి ఇళ్లకు బయల్దేరిన ఆంధ్రా పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద చిక్కుకుపోయారు. 2021 మే నెలలో కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు రోగుల్ని తీసుకొస్తున్న అంబులెన్సుల్ని పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆపారు. హైకోర్టు కలుగజేసుకున్నాక గానీ దారి దొరకలేదు. ఒకే దేశం, ఒకే భాష, నిన్నమొన్నటి దాకా ఒకే రాష్ట్రం. అయినా భయం పట్టుకునేసరికి ముందు చేతికి దొరికింది గేటే. అందుకే మీది చెడ్డతనమని నేననను. మనుషులు ఎక్కడైనా అలాగే చేస్తారు. కాబట్టే భయం లేని రోజుల్లో రాసిపెట్టుకోవాలి, భయం వచ్చిన రోజు ఏం చెయ్యకూడదో.

రాసిపెట్టుకోవడంలో మీకు మించినవాళ్లు లేరు. 1952లో నార్డిక్ కౌన్సిల్ పెట్టుకున్నారు. ఆ ఏడాదే మీ పౌరులు పాస్‌పోర్టు లేకుండా తిరగొచ్చన్నారు. 1954లో మీ పౌరులు పర్మిట్ లేకుండా పొరుగు దేశాల్లో పనిచేసుకోవచ్చన్నారు. 1958 మే 1 నుంచి లోపలి సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేశారు. యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం మీద సంతకాలయింది 1985లో. మీరు దానికంటే పాతికేళ్లకు పైగా ముందున్నారు. 1962 మార్చి 23న హెల్సింకి ఒప్పందంతో అదంతా ఒక చోట చేర్చారు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ చరిత్ర చదివి నేను ఆశ్చర్యపోయింది వేరే సంగతికి. అప్పుడు రక్షణ విషయంలో మీ దారులు వేరు. డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్ 1949 నుంచీ నాటోలో ఉన్నాయి. స్వీడన్ ఏ కూటమిలోనూ చేరలేదు. ఫిన్లాండ్ 1948లో సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందానికి కట్టుబడి ఉంది. అందుకే సైన్యాల ఊసు హెల్సింకి ఒప్పందంలో పెట్టుకోలేదు. బళ్లు, పెన్షన్లు, ఉద్యోగాలు, ఆసుపత్రులు, వీటితోనే కలిశారు. సైన్యాలు కలవలేని కాలంలో మనుషుల్ని కలిపారు.

ఇప్పుడు కథ తిరగబడింది. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్, 2024 మార్చి 7న స్వీడన్ నాటోలో చేరాయి. ఐదు దేశాలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 2023 మార్చిలో ఐస్‌లాండ్ కాక మిగతా నాలుగు దేశాల వైమానిక దళాధిపతులు తమ యుద్ధ విమానాలన్నీ కలిపి ఒకే దళంలా నడపాలని సంతకాలు చేశారు. దాదాపు 250 విమానాలు. 2024 మార్చిలో మీ ఉత్తరాదిన జరిగిన విన్యాసాల్లో 13 దేశాల నుంచి 20,000 మందికి పైగా సైనికులు పాల్గొన్నారు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే సరిహద్దులు దాటుకుంటూ దళాలు కదిలాయి. హపరాండాలో కంచె వేసింది 2020 వసంతంలో. నాలుగేళ్లలో ఎంత మార్పు!

ఆ మార్పు నాకు సంతోషమే. ఫిన్లాండ్‌కు రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. బాల్టిక్ సముద్రం అడుగున గ్యాస్ పైపులు పేలిపోయాయి, కేబుళ్లు తెగిపోయాయి. 2024 క్రిస్మస్ రోజున ఫిన్లాండ్, ఎస్తోనియా మధ్య కరెంటు కేబుల్ తెగితే, ఫిన్లాండ్ అధికారులు అనుమానం ఉన్న ఆయిల్ ట్యాంకర్‌ను తమ నీళ్లలోకి రప్పించి తనిఖీ చేశారు. ఒంటరిగా ఎవరూ దీన్ని తట్టుకోలేరు. సైన్యాలు కలవాల్సిందే. రైలు పట్టాల సంగతే చూడండి. హపరాండా దాకా స్వీడన్ గేజి, అంటే పట్టాల మధ్య దూరం, 1,435 మిల్లీమీటర్లు, అవతల ఫిన్లాండ్‌లో 1,524. సామాన్యులు ఇన్నేళ్లూ బండి మారి వెళ్లారు. ఇప్పుడు సైనిక సామగ్రి ఆగకుండా రావాలంటే ఆ తేడా పోవాలని ఫిన్లాండ్ ఉత్తరాదిలో పట్టాలు మార్చే ఆలోచన చేస్తోంది. మంచిదే. పట్టాలు వేస్తే వాటి మీద మనుషులు కూడా ప్రయాణిస్తారు.

కానీ మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క వేరుగా ఉంది. 2015 నవంబరులో స్వీడన్ సరిహద్దు తనిఖీలు మొదలుపెట్టింది. 2016 జనవరి 4 నుంచి రైలెక్కే ముందే గుర్తింపు కార్డు చూపించాలన్నారు. అప్పట్లో మా ఆయనకు కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు అందరూ కాస్త్రుప్‌లో దిగి, మెట్లెక్కి, వరసలో నిలబడి, కార్డు చూపించి, వేరే ప్లాట్‌ఫారం నుంచి మళ్లీ ఎక్కాలి. జనవరి గాలి ముఖాన్ని కోసేస్తుంటే. ఏడాదిన్నర దాకా, 2017 మే వరకు అది సాగింది. ఆలోపే ఆయన స్వీడన్‌లోనే, లుండ్‌లో వేరే ఉద్యోగం చూసుకున్నారు. కార్డుల తనిఖీ పోయింది గానీ, హ్యూలీలో పోలీసులు రైలెక్కి చూడటం పోలేదు. తాత్కాలికం అన్నది మళ్లీ మళ్లీ పొడిగిస్తూ పదేళ్లు దాటించారు. 2019 నవంబరులో డెన్మార్క్ కూడా ఇటువైపు తనిఖీలు మొదలుపెట్టింది.

దానికి కారణాలు లేవనడం లేదు. కోపెన్‌హాగెన్‌లో బాంబులు పేలాయి, స్వీడన్ ముఠాల మనుషులు అవతలికి వెళ్లి నేరాలు చేశారు. మాల్మోలో రాత్రిపూట పేలుడు శబ్దానికి ఉలిక్కిపడి లేచినవాళ్లలో నేనూ ఉన్నాను. పోలీసులు చూడొద్దని ఎవరంటారు? నా బాధ తనిఖీ గురించి కాదు. ఎవరికి వారు విడివిడిగా చెయ్యడం గురించి. మీ దగ్గరే దీనికి మంచి ఉదాహరణ ఉంది. నార్వే, స్వీడన్ 1959లో కస్టమ్స్ ఒప్పందం చేసుకున్నాయి. సరిహద్దుకు దగ్గర్లో ఒక దేశపు అధికారి రెండో దేశం తరఫున కూడా కాగితాలు చూసి పంపించేయొచ్చు. లారీ రెండు సార్లు ఆగక్కర్లేదు. అరవై ఏళ్లకు పైగా అది నడుస్తోంది. లారీకి చేసిన మేలు నర్సుకు చెయ్యలేమా? రెండు దేశాల పోలీసులు ఒకే చోట, ఒకేసారి, ఒకరి సమాచారం ఒకరు నమ్ముకుంటూ చూస్తే రైలు రోజూ ఆగాల్సిన పని ఉండదు.

ఇక మా సంగతి. మీ పౌరులకు పాస్‌పోర్టు అక్కర్లేదు. పన్నెండేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్న నాకు కావాలి. అక్క ఇంట్లో పప్పన్నం తిని రావడానికి భారత పాస్‌పోర్టు, స్వీడన్ నివాస కార్డు రెండూ బ్యాగులో ఉండాలి. అది పెద్ద బాధ కాదు, అలవాటైపోయింది. పని విషయం బాధ. మాల్మోలో ఉంటున్న మాలాంటివాళ్లకు కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం దొరికితే స్వీడన్ పర్మిట్ పనికిరాదు, డెన్మార్క్‌ది మళ్లీ మొదట్నుంచీ తెచ్చుకోవాలి. నాకు తెలిసిన ఒకమ్మాయి, గుంటూరు పిల్ల, అక్కడ మంచి ఉద్యోగం వచ్చినా ఆ కాగితాలు తేలేసరికి కంపెనీ ఇంకొకరిని తీసుకుంది. వాళ్ల వంటగది కిటికీలోంచి వంతెన స్తంభాలు కనిపిస్తాయి. బ్యాంకు పని, పన్ను పని అన్నీ ఫోన్‌లోనే కదా ఇప్పుడు. స్వీడన్‌కు ఒక ఎలక్ట్రానిక్ ఐడీ, డెన్మార్క్‌కు ఇంకొకటి, చాలా పనుల్లో ఒకదానికొకటి పలకరించుకోవు. రెండు పక్కలా బతికేవాళ్లు రెండు ఫోన్లు పెట్టుకోవడం కూడా చూశాను. సరిహద్దు ఇబ్బందుల కోసం 2014 నుంచి మీకు ప్రత్యేకంగా ఒక మండలి ఉంది. అది ఒక్కొక్క చిక్కూ విప్పుకుంటూ వస్తోంది. కానీ ఆ చిక్కుల జాబితాలో పౌరులు కాని నివాసుల చిక్కులు కూడా మొదటి పేజీలో ఉండాలి.

2030 నాటికి ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా కలిసిపోయిన ప్రాంతం మీదే కావాలని 2019లో మీరే రాసుకున్నారు. మీ మాట మీద నమ్మకంతోనే ఇంత రాస్తున్నాను.

హెల్సింకి ఒప్పందాన్ని మార్చాలని, రక్షణ, విదేశాంగ విషయాలు కూడా అందులో చేర్చాలని నార్డిక్ కౌన్సిల్‌లో అడుగుతున్నారు. మంచి సమయం. అది తెరిచినప్పుడు నేనడిగే మాట కూడా చేర్చండి. ఏ దేశమైనా లోపలి సరిహద్దు మూయాలనుకుంటే మిగతా నలుగురితో ముందు కూర్చుని మాట్లాడాలి, మూసే గంట ముందు ఫోన్ చెయ్యడం కాదు. మూయక తప్పకపోతే సరిహద్దుకు ఆ పక్కా ఈ పక్కా బతికే కుటుంబాలకు దారి ఉండాలి. అది ఏ పోలీసు మర్యాద మీదో ఆధారపడకుండా, పురుడు, జబ్బు, చావు, పసిపిల్లల్ని చూసుకోవడం, ముసలివాళ్లకు అన్నం పెట్టడం, ఇవన్నీ తగిన కారణాలేనని ముందే రాసి ఉండాలి. ఆ రాతలో 'పౌరులు' అన్న చోట 'నివాసులు' అని రాయండి. యుద్ధం పేజీలో మీరు అలాగే రాశారు కదా. 16 నుంచి 70 దాకా అందరూ అన్నారు కదా.

దీన్ని రక్షణతో సంబంధం లేని ఇంటి గొడవ అనుకోవద్దు. కోపెన్‌హాగెన్ ఆసుపత్రికి రోజూ వెళ్లి వచ్చే మా కింది ఫ్లోర్ ఆయన లాంటివాళ్లు రేపు యుద్ధం వచ్చినా వెళ్లాలి. వంతెన తెరిచి ఉంటుందో లేదో తెలియకపోతే ఆయన ఇవాళే అక్కడ ఉద్యోగం మానేసే ఆలోచన చేస్తారు, మా ఆయన చేసినట్టే. అలా ఒక్కొక్కరే మానేస్తే ఆపద వచ్చిన రోజు మీ ఆసుపత్రిలో చేతులు తక్కువవుతాయి. సరిహద్దు ఊళ్లలో మనుషులు రాకపోకలు మానుకుంటే, ఎవరికి ఎవరు తెలుసు, ఎవరిని ఎవరు నమ్మాలి? 2018లో స్వీడన్ అడవులు తగలబడినప్పుడు నార్వే హెలికాప్టర్లు వచ్చాయి. అంత తొందరగా వచ్చాయంటే అవతలివాళ్లు పరాయివాళ్లు కాదన్న అలవాటు ఎప్పట్నుంచో ఉండబట్టే.

మా అక్క కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. డేనిష్ మాట్లాడుతుంది, నాతో తెలుగు, మా పిల్లలతో సగం స్వీడిష్. శనివారం వాళ్లమ్మతో ఇక్కడికి వస్తుంది. హ్యూలీలో పోలీసులు ఎక్కగానే ఎవరూ చెప్పకుండానే తన చిన్న బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి పట్టుకుంటుంది. మొన్న అడిగింది, "పిన్నీ, మన ఇంటికి రావడానికి వీళ్లకి ఎందుకు చూపించాలి?" అని. నాకు తెలిసినంతలో చెప్పాను. సగం నాకే సరిగ్గా అనిపించలేదు.

శరదృతువులో మీ కౌన్సిల్ సమావేశాలు జరుగుతాయి. ఈ విషయాన్ని ఆ సమావేశాల్లో చర్చకు పెట్టండి. పిలిస్తే వచ్చి మాట్లాడతాను. ఏ దేశంలో జరిగినా పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ పట్టుకుని వస్తాను.

ఇట్లు,
మాల్మో నుంచి ఒక తెలుగు నివాసి